మాస్టారూ, ఒక ప్రశ్న: పడవలో ఉన్నవాళ్లకి చెప్పాలా, వద్దా?

పోయిన నెల ఈ పేజీలో అపోలో 13 గురించి నాలుగు ముక్కలు రాశాను. 1970లో చంద్రుడి దారిలో ఆక్సిజన్ ట్యాంకు పేలిపోయినా ముగ్గురు వ్యోమగాములూ ప్రాణాలతో తిరిగొచ్చిన సంగతి. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయని నేను అనుకోలేదు. ఇచ్ఛాపురం నుంచి రాజాం దాకా, సగం ఇంటర్ పిల్లలవి, మిగతావి పెద్దవాళ్లవి. రాకెట్ల గురించి అడిగినవాళ్లు తక్కువ. ప్రాణం మీదికొచ్చినప్పుడు పక్కవాడికి మనం ఏం బాకీ ఉంటాం అన్నదే ఎక్కువమంది అడిగారు. అందుకని ఈసారి పేజీ మొత్తం దీనికే ఇచ్చేశాను. కొందరు పేరు వెయ్యొద్దన్నారు కాబట్టి అందరి పేర్లూ తీసేశాను, ఊళ్లు మాత్రం ఉంచాను.

ప్రశ్న (ఇంటర్ విద్యార్థిని, టెక్కలి): మా కాలేజీలో డిబేట్ పెట్టారు మాస్టారూ. వ్యోమనౌకలో నలుగురున్నారు, ముగ్గురికి సరిపడా ఆక్సిజనే ఉంది, ఏం చెయ్యాలి అని. నేను ఎవరినీ చంపకూడదన్నాను, ఓడిపోయాను. నలుగురూ పోయేకంటే ఒకరు పోవడమే మేలు, లెక్క అలాగే ఉంది అని అవతలి టీమ్ వాదించి గెలిచింది. నిజంగా ఇలాంటిది ఎప్పుడైనా జరిగిందా?

జవాబు: జరగలేదమ్మా. 1961లో గగారిన్ వెళ్లిన దగ్గర్నుంచి ఇవాళ్టి దాకా, ఒకరిని వదిలించుకుంటే తప్ప మిగతావాళ్లు బతకరు అనే లెక్క ఏ నౌకలోనూ వెయ్యాల్సి రాలేదు. అసలు ఆ డిబేట్ ప్రశ్నలోనే ఒక తిరకాసు ఉంది. ముగ్గురికే సరిపోతుంది అని ముందే తేల్చేసి నిన్ను నిలబెట్టారు. ఎన్ని గంటలకి సరిపోతుంది, ఎవరు కొలిచారు, కదలకుండా పడుకుంటే ఎంత మిగులుతుంది, ఇవేవీ అడగనివ్వలేదు కదా.

అపోలో 13నే తీసుకో. పేలుడు జరిగింది హ్యూస్టన్ (నాసా కంట్రోల్ రూమ్ ఉన్న ఊరు) టైము ప్రకారం ఏప్రిల్ 13 రాత్రి, భూమికి సుమారు 3,20,000 కిలోమీటర్ల దూరంలో. అసలు నౌకలో కరెంటు పోతోంది, ఆక్సిజన్ పోతోంది. లోవెల్, స్విగర్ట్, హెయిస్ ముగ్గురూ చంద్రుడి మీద దిగడానికి వెంట తీసుకెళ్లిన అక్వేరియస్ అనే చిన్న నౌకలోకి మారారు. అది ఇద్దరి కోసం, రెండు రోజుల కోసం కట్టింది. ఎక్కింది ముగ్గురు, గడపాల్సింది దాదాపు నాలుగు రోజులు. ఇప్పుడు మీ డిబేట్ లెక్క వేసి చూడు. ఇద్దరికి రెండు రోజులంటే నాలుగు రోజుల సరుకు. ముగ్గురికి నాలుగు రోజులంటే పన్నెండు కావాలి. పోనీ ఒకరిని తీసేద్దాం, అప్పుడు ఎనిమిది కావాలి. ఉన్నది నాలుగే! అంటే గెలిచిన టీమ్ చెప్పినట్టు చేసినా, మిగిలిన ఇద్దరూ కూడా దారిలోనే పోయేవాళ్లు.

మరి ఎలా బతికారంటే, మనుషుల్ని తగ్గించకుండా వాడకాన్ని తగ్గించారు. లైట్లు, హీటర్లు, కంప్యూటరు, అవసరం లేనిదల్లా ఆపేసి కరెంటు వాడకాన్ని ఐదో వంతుకి తెచ్చారు. తాగే నీళ్లు మనిషికి రోజుకి 200 మిల్లీలీటర్లు, అంటే మన ఇంట్లో టీ గ్లాసు నిండా పోస్తే వచ్చేటన్ని. అసలు నౌకలో చలి 3 డిగ్రీల దాకా దిగిపోయింది. విచిత్రం ఏంటంటే ఊపిరి పీల్చే ఆక్సిజన్‌కి కొరతే రాలేదు, ప్రాణం మీదికి తెచ్చింది వాళ్లు వదిలిన గాలే. కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకునే డబ్బాలు చిన్న నౌకలోవి అయిపోవస్తున్నాయి, పెద్ద నౌకలో బోలెడున్నాయి గాని అవి చతురస్రంగా ఉంటాయి, ఇక్కడి కన్నం గుండ్రం. కింద హ్యూస్టన్‌లో ఇంజనీర్లు, నౌకలో ఏమేం ఉన్నాయో అవే వస్తువులు టేబుల్ మీద పోసుకుని, ప్లాస్టిక్ సంచులు, అట్టముక్కలు, సూటు గొట్టాలు, టేపుతో ఒక జత కుదిర్చారు. అది ఎలా చేసుకోవాలో రేడియోలో ఒక్కో మెట్టూ చదివి వినిపించారు. పైనవాళ్లు అలాగే చేశారు, గాలి బాగుపడింది.

ఇంకొక్క సంగతి చెప్పి వదిలేస్తాను, ఇది నాకు చాలా ఇష్టమైనది. ఆఖరి రోజు అసలు నౌకలోకి మళ్లీ మారి, చిన్న నౌకని విడిచిపెట్టాలి. దాన్ని విడగొట్టే స్విచ్ స్విగర్ట్ ముందే ఉంటుంది. లోవెల్, హెయిస్ ఇంకా అవతలే ఉన్నారు. స్విగర్ట్‌కి నాలుగు రోజులుగా సరైన నిద్ర లేదు, నీళ్ల సంచులు నింపుతుంటే పాదాలు తడిసి ఆరక గడ్డకట్టుకుపోతున్నాయి. పక్క స్విచ్ అనుకుని ఇది నొక్కేస్తే ఇద్దరూ పోతారు. అందుకని ఒక కాగితం ముక్క మీద 'నో' అని పెద్దగా రాసి ఆ స్విచ్ మీద అతికించుకున్నాడు. అతను ప్రయోగానికి రెండు మూడు రోజుల ముందే టీమ్‌లోకి వచ్చిన మనిషి. నీ డిబేట్‌లో ఎవరిని బయటికి తొయ్యాలి అని వెతుకుతున్నప్పుడు ముందుగా వేలు చూపించేది అలాంటి కొత్తవాడినే కదమ్మా.

ప్రశ్న (పలాస): వ్యోమగాముల దగ్గర విషం గుళిక ఉంటుందట, ఇక తిరిగి రాలేం అనుకున్నప్పుడు మింగడానికి. నిజమేనా?

జవాబు: నిజం కాదు. అపోలో 13 కమాండర్ జిమ్ లోవెల్ స్వయంగా ఆ మాటని కొట్టిపారేశారు. ఆయన 2025 ఆగస్టులో, 97వ ఏట చనిపోయారు.

ప్రశ్న (ఉపాధ్యాయురాలు, ఆమదాలవలస): అపోలో 11లో ఇద్దరు చంద్రుడి మీద దిగారు, ఒకాయన పైన తిరుగుతూ ఉండిపోయాడు. కింద ఇద్దరూ లేవలేకపోతే ఆ మూడో ఆయన ఏం చేసేవాడండీ? పిల్లలు అడిగితే చెప్పలేకపోయాను.

జవాబు: ఒక్కడే ఇంటికి వచ్చేసేవాడమ్మా. మైఖేల్ కాలిన్స్ ఆ సంగతి తర్వాత తన పుస్తకంలో దాపరికం లేకుండా రాసుకున్నారు. వాళ్లు లేవలేకపోతే నేను ఆత్మహత్య చేసుకోను, బయల్దేరి వచ్చేస్తాను, కాకపోతే జీవితాంతం నా మీద ఆ ముద్ర ఉండిపోతుంది, అది నాకు తెలుసు అని. చంద్రుడి మీద నుంచి పైకి లేపే ఇంజను ఒక్కటే, దానికి స్పేర్ లేదు. ఆయన నౌక చంద్రుడి మీద దిగడానికి పనికిరాదు. ఉండిపోతే ముగ్గురు పోతారు, అంతే తేడా. నా మటుకు నాకు ఆయన ఆలోచనలో తప్పు కనబడదు. అయితే ఆ మాట ముగ్గురూ బయల్దేరక ముందే తెలుసుకుని ఎక్కారు, అది ముఖ్యం.

అమెరికా అధ్యక్షుడు నిక్సన్ కోసం ఒక ప్రసంగం కూడా రాసి పెట్టుకున్నారు, 1969 జూలై 18 తేదీతో, రాసింది విలియం సఫైర్. వాళ్లిద్దరూ అక్కడే ఉండిపోతే చదవడానికి. అందులో చివర ఒక సూచన ఉంది. నాసా వాళ్లతో మాటలు ఆపేశాక, మతగురువు సముద్రంలో అంత్యక్రియలు చేసేటప్పుడు చేసే పద్ధతినే పాటించాలి అని. సముద్రం ఒడ్డున పుట్టినవాడిని, ఆ వాక్యం మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసేసి కాసేపు బయటికి వెళ్లి నిలబడ్డాను.

ప్రశ్న (డిగ్రీ విద్యార్థి, భావనపాడు): మా నాన్న వేటకెళ్తారు. రెండేళ్ల కిందట వాళ్ల బోటు ఇంజను నడిసముద్రంలో మొరాయించింది. గాలి ముదురుతోందని తండేలుకి, అంటే బోటు పెద్దకి, వైర్‌లెస్‌లో తెలిసింది గాని, బోటులో ఎవరికీ చెప్పలేదు. ఇంజను బాగైపోయింది, ఒడ్డుకొచ్చేశారు. తర్వాత తెలిసి మా బాబాయి తండేలుతో గొడవపడ్డాడు. మా నాన్న మాత్రం తండేలుదే రైటంటారు, చెప్తే కుర్రాళ్లు టెన్షన్ పడి పని చెడగొట్టేవారంటారు. ఇంట్లో ఇప్పటికీ ఈ వాదన తెగలేదు. మీరేమంటారు మాస్టారూ?

జవాబు: బాబూ, నీ ఉత్తరం చదివి మిగతావన్నీ పక్కన పెట్టాను. మీ నాన్నగారి మీద గౌరవంతోనే చెప్తున్నాను, నేను మీ బాబాయి పక్షం. ఎందుకో చెప్పాలంటే కొలంబియా కథ చెప్పాలి.

2003 జనవరి 16న కొలంబియా అనే నాసా వ్యోమనౌక, స్పేస్ షటిల్, ఎగిరింది. ఏడుగురు, వాళ్లలో మన కల్పనా చావ్లా. ఎగిరిన 82 సెకన్లకి పెద్ద ట్యాంకు మీది ఫోమ్ ముక్క ఒకటి ఊడి ఎడమ రెక్క అంచుకి తగిలింది. ముక్క బరువు ముప్పావు కిలో. ముప్పావు కిలో ఫోమ్ ఏం చేస్తుంది అనిపిస్తుంది, కాని తగిలిన వేగం గంటకి సుమారు 800 కిలోమీటర్లు. మర్నాడు వీడియోలు చూస్తూ కింద ఇంజనీర్లు గమనించారు. రెక్కకి ఏమైందో తెలియాలంటే సైన్యం దగ్గరున్న ఉపగ్రహాలతోనో టెలిస్కోపులతోనో ఫొటో తీయించాలని అడిగారు. ఒకసారి కాదు. పైవాళ్లు అక్కర్లేదన్నారు. ఇంతకు ముందు కూడా ఫోమ్ ఊడింది, ఏం కాలేదుగా అన్నది వాళ్ల ధీమా.

జనవరి 23న నౌకలో కమాండరుకి, పైలట్‌కి ఒక ఈమెయిల్ వెళ్లింది. ఫోమ్ తగిలింది, కంగారు పడాల్సింది ఏమీ లేదు, విలేకరులు అడిగితే మీరు ఆశ్చర్యపోకుండా ఉండడానికి చెప్తున్నాం అన్నట్టుగా. చూశావా, సంగతి చెప్పారు గాని అనుమానం చెప్పలేదు. కొందరు ఇంజనీర్లకి నిద్ర పట్టడం లేదన్న ముక్క పైకి పంపలేదు. ఫిబ్రవరి 1న తిరిగొస్తూ, దిగడానికి పదహారు నిమిషాల ముందు, ఆ రెక్కలో పడిన కన్నంలోంచి వేడి గాలి లోపలికి దూరి నౌక ముక్కలైపోయింది. ఏడుగురూ పోయారు.

తర్వాత విచారణ బోర్డు కూర్చుని లెక్కలు వేసింది. నౌకలో సరుకులు పొదుపు చేసుకుంటే ఫిబ్రవరి 15 దాకా ప్రాణాలు నిలబెట్టుకోవచ్చు. అట్లాంటిస్ అనే ఇంకో షటిల్ మార్చి 1కి సిద్ధమవుతూ ఉంది, రాత్రింబగళ్లు పనిచేస్తే ఆలోపే పంపే వీలుంది. రిస్కు చాలా ఎక్కువ, కాని అసాధ్యం మాత్రం కాదు అని తేల్చింది. ఆ అవకాశం ఉన్నట్టు కూడా ఎవరూ చూసుకోలేదు, ఎందుకంటే రెక్క ఎలా ఉందో ఎవరూ చూడలేదు.

నాసాలో పెద్ద పదవుల్లో పనిచేసిన వేన్ హేల్ 2013లో ఒక మాట బయటపెట్టారు. ఆ రోజుల్లో ఒక సమావేశంలో ఒక సీనియర్ అన్నాడట, వేడిని ఆపే పలకలు దెబ్బతింటే మనం చేసేదేమీ లేదు, అలాంటప్పుడు వాళ్లకి తెలియకపోవడమే మంచిదేమో, హాయిగా పని పూర్తి చేసుకుని అనుకోకుండా పోవడం నయం కాదా అని. ఆయన చెడ్డ మనిషి కాదు, హేల్ కూడా అలా రాయలేదు. ప్రేమతోనే అన్నాడు. మీ తండేలు కూడా ప్రేమతోనే చెప్పలేదు. నేను ఒప్పుకుంటాను.

కాని బాబూ, చేసేదేమీ లేదు అని తేల్చేసింది ఎవరు? నౌకలో లేనివాళ్లు. చివరి రోజు ఆ తల్లులు, తండ్రులు పిల్లలకి ఒక మాట చెప్పుకునే హక్కు కూడా వాళ్లే తీసేసుకున్నట్టు కదా. అపోలో 13లో అయితే, పేలిన పావుగంట లోపు లోవెల్ కిటికీలోంచి చూసి, ఏదో గ్యాసు బయటికి చిమ్ముతోంది అని తనే కిందికి చెప్పాడు. అప్పటిదాకా మీటర్లు పాడయ్యాయేమో అనుకుంటున్నవాళ్లకి అసలు సంగతి ఆ మాటతోనే తేటపడింది. పైనవాళ్లు చెప్పబట్టి కిందవాళ్లు, కిందవాళ్లు చెప్పబట్టి పైనవాళ్లు పని చెయ్యగలిగారు.

మా చిన్నాన్న కూడా వేటకెళ్లేవాడు, కళింగపట్నం దగ్గర మా ఊరు. నా చిన్నప్పుడు ఒకసారి ఇంజను పట్టేసి రెండు రాత్రులు సముద్రంలో ఉండిపోయారు. మనుషులు ఐదుగురు, నీళ్లు ఒక ప్లాస్టిక్ టిన్ను, అదీ నిండుగా లేదు. వాళ్ల తండేలు మొదటి సాయంత్రమే టిన్నుని తెచ్చి బోటు మధ్యలో పెట్టి, అందరినీ చుట్టూ కూర్చోబెట్టి, ఇంజను ఇంక తిరగదు రా, ఒడ్డు కనబడ్డానికి ఎన్ని రోజులో నాకు తెలీదు, ఉన్న నీళ్లు ఇవే అని చెప్పాడట. చేపలు కోసే కత్తితో టిన్ను మీద అడ్డంగా గీతలు గీశాడు. ఈ గీత దాకా రాత్రికి, ఈ గీత దాకా రేపు మధ్యాహ్నానికి. మూత నిండా పోసి ఒక్కొక్కరికీ ఇచ్చేవాడు, తను ఆఖర్న తాగేవాడు. వాళ్లలో ఒక పదహారేళ్ల కుర్రాడు, అదే మొదటి వేట, వాంతులు చేసుకుని తోటకూర కాడలా వాలిపోయాడు. రెండో రోజు మా చిన్నాన్నే అన్నాడట, ఆడికి ఇంకో మూత పొయ్యి మావా అని. ఎవరూ గొణగలేదు, గీత అందరికీ కనబడుతూనే ఉంది కాబట్టి. మూడో రోజు పొద్దున్న వేరే ఊరి బోటు కనబడి తాడు వేసి లాక్కొచ్చారు.

ఆ టిన్ను మా ఇంట్లో చాలా ఏళ్లు ఉంది. పెరట్లో మొక్కలకి నీళ్లు పోసేవాళ్లం. గీతల మీద వేలు పెట్టి రాస్తే గరుగ్గా తగిలేది.

మీ తండేలు పక్షాన ఒక్క మాట. అతను నాసా ఆఫీసులో కూర్చున్నవాడు కాదు, అదే బోటులో, అదే గాలిలో ఉన్నాడు. ఇంజను సంగతి తేలేదాకా ఒక అరగంట నోరు మూసుకుని ఉండడం నాకు అర్థమవుతుంది. ఒడ్డుకొచ్చే దాకా మూసుకోవడం మాత్రం ఒప్పుకోలేను. మీ నాన్నగారికి ఈ జవాబు చదివి వినిపించు. ఆయన కాదంటే, ఎందుకు కాదంటున్నారో నాకు రాయి, వచ్చే నెల వేస్తాను.

ప్రశ్న (ఇంజనీరింగ్ విద్యార్థి, రాజాం): అంతరిక్షంలో మనుషులు చనిపోయింది ఒక్కసారే అంటారు, నిజమేనా? ఎవరి తప్పు వల్ల?

జవాబు: భూమి వాతావరణానికి పైన, అవును. 1971 జూన్ 30, సోవియట్ నౌక సోయుజ్ 11. దొబ్రొవోల్స్కీ, వోల్కోవ్, పాత్సాయెవ్. సల్యూత్ 1 అనే ప్రపంచపు మొదటి అంతరిక్ష కేంద్రంలో మూడు వారాలకి పైగా ఉండి తిరిగొస్తున్నారు. నౌక భాగాలు విడిపోయేటప్పటి కుదుపుకి, 168 కిలోమీటర్ల ఎత్తులో, గాలి సరిచేసే ఒక చిన్న వాల్వు తెరుచుకుంది. లోపలి గాలంతా బయటికి పోయింది. దాన్ని చేత్తో మూయడానికి దాదాపు నిమిషం పడుతుంది, స్పృహలో ఉండేది కొద్ది సెకన్లే. మూయడానికి ప్రయత్నించిన ఆనవాళ్లు దొరికాయి. కాప్సూల్ మాత్రం పారాచూట్‌తో చక్కగా, టైముకి, అనుకున్న చోటే దిగింది. తలుపు తీసినవాళ్లు ముగ్గుర్నీ బయటికి తెచ్చి గుండె నొక్కి ఊపిరి పోయడానికి చూశారు, లాభం లేకపోయింది.

ఒంటి మీద ప్రెషర్ సూట్లు ఉంటే బతికేవాళ్లు. కాని ముగ్గురిని కూర్చోబెట్టాలంటే సూట్లకి చోటు లేదు. ముగ్గురు కావాలా, సూట్లు కావాలా అన్నప్పుడు ముగ్గురే కావాలనుకున్నారు, ఆ నిర్ణయం బల్ల దగ్గర కూర్చుని ఎప్పుడో తీసుకున్నది. నీ కొశ్చెన్‌కి జవాబు అక్కడుంది. ఆ తర్వాత సోయుజ్‌లో ఇద్దరినే పంపారు, సూట్లతో. మళ్లీ ముగ్గురు కూర్చోవడానికి 1980 దాకా పట్టింది.

వీళ్లు అసలు రిజర్వు టీమ్. ముందు వెళ్లాల్సిన ముగ్గురిలో కుబాసోవ్ అనే ఆయనకి ఊపిరితిత్తుల్లో మచ్చ కనబడితే క్షయ ఏమోనని టీమ్ మొత్తాన్ని ఆపేశారు. అది క్షయ కాదని తర్వాత తేలింది.

ప్రశ్న (గృహిణి, నరసన్నపేట): సునీతా విలియమ్స్‌ని ఎనిమిది రోజులని తీసుకెళ్లి తొమ్మిది నెలలు వదిలేశారు. ఆడపిల్లని అలా వదిలెయ్యడం అన్యాయం కాదా మాస్టారూ?

జవాబు: మీ బాధ అర్థమైందమ్మా, నేనూ రోజూ పేపర్లో ఆవిడ వార్త కోసమే ముందు చూసేవాడిని. కాని వదిలేశారు అనే మాట ఒప్పుకోలేను. ఆవిడ, బుచ్ విల్మోర్ 2024 జూన్ 5న స్టార్‌లైనర్ అనే కొత్త నౌకలో అంతరిక్ష కేంద్రానికి వెళ్లారు. దారిలో హీలియం లీకులు, కొన్ని థ్రస్టర్లు (నౌకని అటూ ఇటూ తిప్పే చిన్న ఇంజన్లు) పనిచెయ్యకపోవడం. అందులోనే తీసుకొచ్చెయ్యండి, ఏం కాదు అని దాన్ని కట్టినవాళ్లు అన్నారు. నాసా వినలేదు. నౌకని సెప్టెంబర్‌లో ఖాళీగా దింపారు. అది మామూలుగానే దిగింది, నిజమే. అయినా ఆ నిర్ణయం సరైనదే అంటాను, కొలంబియా అప్పుడు చెయ్యనిది ఇదే కనుక.

తర్వాత వెళ్లిన డ్రాగన్ నౌకలో నలుగురికి చోటు. ఇద్దరే ఎక్కారు. జీనా కార్డ్‌మన్, స్టెఫనీ విల్సన్ అనే ఇద్దరు ఆడవాళ్లు, ఏళ్ల తరబడి తయారై, చివర్లో దిగిపోయి ఆ రెండు సీట్లు ఖాళీగా పంపించారు, సునీత, విల్మోర్ తిరిగి రావడానికి. వాళ్ల గురించి మన పేపర్లలో పెద్దగా రాలేదు. ఆ నౌక వచ్చేదాకా మధ్యలో కొన్ని వారాలు, ప్రమాదం వస్తే దిగిపోవడానికి అప్పటికే అక్కడున్న ఇంకో నౌకలో, సామాన్లు పెట్టే చోట వాళ్లిద్దరికీ తాత్కాలికంగా జాగా చేశారు. 2025 మార్చి 18న దిగారు, మొత్తం 286 రోజులు.

ఆ డ్రాగన్ నడిపిన కమాండర్ నిక్ హేగ్. ఈ పేరు నాకు గుర్తుండిపోవడానికి కారణం ఉంది. 2018 అక్టోబర్ 11 మనం ఎవరం మర్చిపోం కదా, తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు పడుకుండిపోయాయి. సోంపేటలో మా చెల్లెలి ఫోను కలవక రోజంతా కాళ్లు చేతులూ ఆడలేదు. అదే మధ్యాహ్నం, కజకిస్తాన్‌లో సోయుజ్ రాకెట్ ఎగిరిన రెండు నిమిషాలకి చెడిపోయింది. అందులో ఉన్నది హేగ్, ఒవ్చినిన్. సుమారు 50 కిలోమీటర్ల ఎత్తులో కాప్సూల్ దానంతటదే విడిపోయి ఇద్దరినీ క్షేమంగా దింపింది. ఐదు నెలలకి ఇద్దరూ మళ్లీ ఎక్కారు. మా చెల్లెలి ఊళ్లో కరెంటు వచ్చాక గాని నేను ఆ వార్త చదవలేదు. అంత దూరం పడి లేచిన మనిషే ఆరేళ్ల తర్వాత రెండు ఖాళీ సీట్లు వెంటబెట్టుకుని సునీత కోసం వెళ్లాడని తెలిసినప్పుడు చెల్లికి ఫోన్ చేసి చెప్పాను.

మీ ఉత్తరానికి కొనసాగింపుగా ఇంకొకటి. 2025 నవంబర్‌లో చైనా కేంద్రంలో ముగ్గురు తిరుగు ప్రయాణానికి సిద్ధమైతే, వాళ్ల నౌక కిటికీకి పగులు కనబడింది. కొత్తగా వచ్చిన ముగ్గురి నౌకలో వాళ్లని నవంబర్ 14న దింపారు. దాంతో కొత్తవాళ్లకి భరోసాగా దిగే నౌక లేకుండా పోయింది, 25న ఖాళీ నౌక ఇంకోటి పంపేదాకా. ఆరు నెలలుండి అలిసినవాళ్లని ముందు పంపాలా, అందరినీ ఆపాలా? నేనైతే ముందు పంపేవాడినే, కాని ఆ పదకొండు రోజులూ కొత్తవాళ్ల ఇళ్లలో ఎలా గడిచిందో మనం ఊహించగలం. వేటకెళ్లినవాళ్ల ఇళ్లలో ఊహించడం కూడా అక్కర్లేదు.

ప్రశ్న (తల్లి, విజయనగరం): మా పాప ఎనిమిదో తరగతి. శుభాంశు శుక్లాని టీవీలో చూసిన దగ్గర్నుంచి వ్యోమగామి అవుతానంటోంది. కల్పనా చావ్లా గుర్తొచ్చి నాకు గుండె దడ. మాన్పించాలా?

జవాబు: మాన్పించకండమ్మా. భయం ఉంటే ఉండనివ్వండి, దాన్ని పాప దగ్గర దాచకండి కూడా. కల్పన ఎలా పోయిందో మీరే కూర్చుని చెప్పండి, టీవీలోనో ఫోన్లోనో సగం సగం వినే కంటే అది నయం.

శుభాంశు వెళ్లే ముందు ఏం జరిగిందో కూడా చెప్పండి. 2025 జూన్‌లో రాకెట్‌లో ద్రవ ఆక్సిజన్ లీకు కనబడింది. దాన్ని పూర్తిగా బాగుచేసి పరీక్షించాకే ఎగరాలని మన ఇస్రో బృందం పట్టుబట్టింది. ప్రయాణం వాయిదా మీద వాయిదా పడి జూన్ 25న ఎగిరారు, జూలై 15న దిగారు. గగన్‌యాన్ కోసం శ్రీహరికోటలో 2023 అక్టోబర్ 21న చేసిన పరీక్ష కూడా చూపించండి, వీడియో దొరుకుతుంది. ప్రమాదంలో మనుషుల్ని రాకెట్ నుంచి లాగేసే ఏర్పాటు అది. ఇంకా ఐదు సెకన్లుందనగా కంప్యూటర్ ఆపేసింది. దేశమంతా చూస్తోంది కదా అని ఎవరూ తొందరపడలేదు, తప్పు వెతికి సరిచేసి అదే పొద్దున్న పది గంటలకి ఎగరేశారు.

లెక్కలు, సైన్సు ఎలాగూ బడిలో చదువుతుంది. ఈ వేసవికి ఈత నేర్పించండి. నాసాలో ఎంపికైనవాళ్లకి మొదటి నెలలోనే ఈత పరీక్ష ఉంటుంది. 25 మీటర్ల కొలను మూడుసార్లు ఆగకుండా ఈదాలి, తర్వాత ఫ్లైట్ సూటు, బూట్లు వేసుకుని మళ్లీ మూడుసార్లు, ఆపైన ఆ సూటుతోనే పది నిమిషాలు నీళ్లలో తేలుతూ నిలబడాలి. పాప ఎంతవరకు వచ్చిందో జూన్‌లో రాయించండి, తన చేతిరాతతోనే.